పన్ను మీద పన్ను

అతని అసలు పేరు ఇంటి కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. ఇంట్లోనూ వీధిలోనూ పనిచోటా అందరికీ అతను పిచ్చుకే. చిన్నప్పుడు కాళ్ళు పుల్లల్లా ఉండేవని అక్క పెట్టిన పేరది. యాభై దాటాయి, పొట్ట వచ్చింది, జుట్టు పలచబడింది, పేరు మాత్రం ఎగిరిపోలేదు.

పిచ్చుక చేసే పని పళ్ళు చెయ్యడం. పన్ను విరిగినవాళ్ళకీ, అరిగినవాళ్ళకీ, రంగు మారినవాళ్ళకీ డాక్టర్లు అచ్చు తీసి పంపిస్తే, దాన్నిబట్టి తొడుగులూ, పన్ను ముందువైపు అతికించే గోరంత పలచటి రేకులూ చేసి పంపుతాడు. సొంతంగా ల్యాబు పెట్టుకున్న కొత్తలో గుమ్మం మీద బోర్డు రాసిచ్చింది బావే. బావ బోర్డులు రాసే పెయింటరు. 'ఇచ్చట పళ్ళు చేయబడును' అని గుండ్రటి అక్షరాలతో ముచ్చటగా రాశాడు. రాసిన వారంలోనే ఒకాయన సంచీ పట్టుకుని లోపలికి వచ్చి, "చేయడమేమిటి బాబూ, చెట్టుకి కాయనివ్వరా ఏంటి మీరు?" అని నిలదీశాడు. బావ నిచ్చెన వేసుకుని మళ్ళీ ఎక్కి, కింద చిన్నక్షరాలతో 'నోటిలోనివి' అని చేర్చాడు.

పిచ్చుకకి ఊహ తెలిసేసరికే తల్లి లేదు. పెంచింది అక్కే. ఆమెకి పెళ్ళయి అత్తగారింటికి వెళ్తుంటే, వీణ్ణి ఎవరికి అప్పగించాలో తెలియక వెంటబెట్టుకుని వెళ్ళింది. పెళ్ళాంతో పాటు ఒక పిల్లాడు కూడా గుమ్మంలో దిగితే బావ మొహం చిట్లించలేదు సరికదా, "బ్రష్షులు కడగడానికి మనిషి దొరికాడు" అని చంకనెత్తుకున్నాడు. అక్క కుట్టుమిషను తొక్కేది. పిచ్చుక చదువూ, చొక్కాలూ, జ్వరాలకి మందులూ అన్నీ ఆ మిషను చప్పుడులోంచే వచ్చాయి.

అక్కకి పైవరసలో ఒక పన్ను ముందుపన్ను మీదికి ఎక్కి ఉండేది. పన్ను మీద పన్ను. నవ్వొస్తే చాలు, చెయ్యి నోటికి అడ్డం వెళ్ళిపోయేది. ఒకరోజు రవికె కుట్టించుకోవడానికి వచ్చిన ఒకావిడ కొలతలిస్తూ, "మొహం కళగానే ఉంటుంది, ఆ పన్నొక్కటి వరసలో ఉండుంటేనా!" అని నిట్టూర్చింది. అక్క నవ్వేసి ఊరుకుంది. మూలన కూర్చుని లెక్కలు చేసుకుంటున్న పిచ్చుకకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కోపం తీరక, ఆ పన్ను మీద పెంచుకున్నాడు. పెద్దయ్యాక పళ్ళ ల్యాబులో పనికి కుదిరాడంటే చేతికి పనితనం ఉండటం ఒక కారణం. రెండోది ఎవరికీ చెప్పుకోలేదు.

గాజు పింగాణీ వచ్చాక అతనికి ఆ పని మీద మోజు ఇంకా పెరిగింది. వట్టి గాజైతే చిట్లిపోతుంది. వట్టి పింగాణీ అయితే వెలుతురుని గోడలా ఆపేస్తుంది, నోట్లో చాక్‌పీసు ముక్క పెట్టుకున్నట్టుంటుంది. ఇది రెండూ కాదు. గాజు కడుపులో కంటికి కనపడనంత సన్నటి స్ఫటికాలు మొలిచిన సరుకు. పడిన వెలుతురుని కొంత లోపలికి రానిస్తుంది, కొంత వెనక్కి పంపిస్తుంది. దేవుడిచ్చిన పన్ను చేసే పనీ అదే. దవడపళ్ళయితే మిషన్‌లో కోయించేవాడు. ముందుపళ్ళు మాత్రం చేత్తోనే. ముందు మైనంతో పన్ను చెక్కాలి. దాన్ని పిండిలాంటి ముద్దలో పాతి కొలిమిలో పెడితే మైనం కరిగి ఆవిరైపోతుంది, పన్ను ఆకారంలో బోలు మిగులుతుంది. గాజు పింగాణీ దిమ్మని తేనెలా కరిగించి ఆ బోలులోకి నొక్కుతారు. చల్లారాక పగలగొట్టి తీసి, సాన పట్టి, సన్నటి కుంచెతో రంగులద్ది మళ్ళీ కాలుస్తారు. ఆ కుంచె పట్టుకోవడం అతనికి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. బావ దగ్గర బ్రష్షులు కడిగిన చెయ్యి అది.

బావకి డెబ్బై దగ్గరపడుతుండగా మతిమరుపు జబ్బు పట్టుకుంది. మొదట వీధుల పేర్లు పోయాయి. తర్వాత తను రాసిన బోర్డులనే చూసి "ఎవరో బాగా రాశారోయ్" అనడం మొదలుపెట్టాడు. పిచ్చుకని చూసి చాలాసేపు ఆలోచించి, "నువ్వు... కాకివి కదూ?" అనేవాడు. "దగ్గరికొచ్చావు బావా" అనేవాడు పిచ్చుక. ఏది పోయినా అక్క మాత్రం పోలేదు. పొద్దున లేస్తూనే "ఏమే!" అనే కేక, ఆమె "ఆఁ, వస్తున్నా" అనడం, ఆ ఇంట్లో గడియారంలా నడిచిపోతూనే ఉన్నాయి.

అలాంటి రోజుల్లో అక్క గుడ్డల మూట పట్టుకుని మెట్లు దిగుతూ బోర్లా పడింది. ఎముకలేమీ విరగలేదు గానీ ముందుపన్ను సగానికి పోయింది. దాని మీదికెక్కిన పన్నుకి మూల చిట్లింది.

పిచ్చుక చేసే పనులు ఎక్కువగా ఒక డాక్టరమ్మ దగ్గర్నుంచే వచ్చేవి. ఆవిడ నెమ్మదస్తురాలు, అనవసరంగా ఒక్క పన్నైనా ముట్టుకోదు. అక్క నోరు చూసి, పిచ్చుకతో చెప్పింది.

"ముందుపన్నుకి తొడుగు తప్పదు. పక్కదానికి పోయింది మూలే కాబట్టి, ముందువైపు రేకు అతికిస్తే సరిపోతుంది. పన్ను ఉన్న తీరున ఉంచేద్దాం. ఎక్కువ అరగదియ్యక్కర్లేదు."

"రెండూ తొడుగులే వేసేద్దాం డాక్టరుగారూ. వరసలో కలిపేద్దాం. చిన్నప్పట్నుంచీ అదొక్కటే..." అన్నాడు పిచ్చుక.

డాక్టరమ్మ అక్కవైపు తిరిగింది. "మీకేం కావాలమ్మా? పాతది పాతలాగే ఉంచమంటారా?"

"వాడెలా అంటే అలా. పళ్ళ సంగతి వాడికి తెలియనిదా?" అంది అక్క, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని. డాక్టరమ్మ ఇంకోసారి అడిగింది. అదే జవాబు.

పిచ్చుక ఆ రెండు పళ్ళకీ పెట్టినంత ప్రాణం తన పెళ్ళికి కూడా పెట్టలేదని అతని భార్య అంటుంది. తిన్నగా, నున్నగా, మచ్చలేకుండా, ఉన్న రంగుల్లో తెల్లనిది ఎంచి చేశాడు. అతికించాక డాక్టరమ్మ అద్దం చేతికిస్తే, అక్క ఎంతసేపు చూసుకుందో!

"ఒరే పిచ్చుకా, ఇవి నావేనట్రా? పాలు పోసినట్టున్నాయి" అంది. అని, నవ్వింది. చెయ్యి పైకి లేచి, సగంలో ఆగి, మళ్ళీ ఒళ్ళోకి దిగిపోయింది. పిచ్చుక కిటికీ వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. విరిగిన పళ్ళ పాత అచ్చు ల్యాబులో ఇంకా ఉంటే, ఆ సాయంత్రమే దాన్ని తీసి పీడ వదిలిందన్నట్టు చెత్తబుట్టలో పడేశాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు పని ఒత్తిడిలో అతనికి అక్క ఇంటికి వెళ్ళడం కుదరలేదు. ఫోను చేస్తే "అంతా బాగానే ఉందిరా" అనేది. పళ్ళెలా ఉన్నాయంటే "బ్రహ్మాండం" అనేది. గొంతులో మాత్రం బ్రహ్మాండమేమీ వినిపించేది కాదు. ఒక ఆదివారం చెప్పకుండా వెళ్ళాడు.

బావ వరండాలో కుర్చీలో ఉన్నాడు. అక్క టీ తెచ్చి బల్ల మీద పెట్టి, తమ్ముణ్ణి చూసిన సంతోషంలో నోరారా నవ్వింది. బావ సర్దుకుని తిన్నగా కూర్చున్నాడు. "మీకెందుకమ్మా శ్రమ. నేను తెచ్చుకునేవాణ్ణి కదా" అన్నాడు.

పిచ్చుక చేతిలో కప్పు అక్కడే ఆగిపోయింది. నలభై ఏళ్ళ కాపురంలో అక్కని బావ ఏనాడూ 'మీరు' అనలేదు. ఆమె లోపలికి వెళ్ళాక, బావ ముందుకి వంగి గొంతు తగ్గించాడు.

"ఈవిడ మంచిదేనోయ్. నన్ను బాగా చూసుకుంటోంది. కానీ మా ఆవిడ ఎప్పుడొస్తుందీ అంటే చెప్పదు. నువ్వేమన్నా కనుక్కుంటావా?"

పిచ్చుక వంటింట్లోకి వెళ్ళాడు. అక్క అటు తిరిగి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది.

"ఎప్పట్నుంచక్కా?"

"ఏం లేదులేరా. జబ్బు ముదురుతుందని ముందే చెప్పారుగా."

"ఎప్పట్నుంచి అని అడుగుతున్నా."

ఆమె పంపు కట్టేసింది. "మామూలుగా ఉన్నంతసేపూ ఫర్లేదు. పక్కగదిలోంచి నా గొంతు వింటే 'ఏమే' అంటారు. నవ్వితేనే... నవ్వితే లేచి నిలబడి 'మీరు' అంటారు. అందుకని ఇంట్లో నవ్వడం మానేశాను. ఇవాళ నిన్ను చూసి మర్చిపోయాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పనురా? అంత ముచ్చటపడి చేశావు."

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ ఇంకా కుర్చీ కూడా తుడిపించకముందే పిచ్చుక వెళ్ళి నిలబడ్డాడు. విషయం చెప్పి, తిట్టించుకోవడానికి సిద్ధంగా తల దించుకున్నాడు. ఆవిడ తిట్టలేదు.

"దీనివల్లే అని ఖాయంగా చెప్పలేనండీ. జబ్బు దాని దారిన అది నడుస్తూనే ఉంటుంది. పాత పళ్ళు పెట్టినా ఆయన గుర్తుపడతారని నేను మాటివ్వలేను. పైగా ఈ తొడుగులు ఊడదీసేవి కావు, కోసి ముక్కలు చెయ్యాలి. అది తెలిసి కూడా అక్కగారు సరేనంటే చేద్దాం."

అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కోసెయ్యమను" అంది.

పిచ్చుకకి అసలు చిక్కు అప్పుడొచ్చింది. పాత పన్ను ఎలా ఉండేది? అచ్చు తనే పారేశాడు. ఫోటోలు వెతికితే, నవ్విన ప్రతి ఫోటోలోనూ అక్క మొహానికి సగం చెయ్యే. జ్ఞాపకం మీద మైనంతో చెక్కాడు. నచ్చక కరిగించి మళ్ళీ చెక్కాడు. వంకర వంకరగానే ఉంది, పన్ను మీద పన్ను ఎక్కింది, కానీ అది ఎవరి పన్నో. చేసినదాన్ని, తొడుగుల కోసం డాక్టరమ్మ తీసిన రెండో అచ్చుకి తగిలించి, డబ్బాలో పెట్టుకుని అక్కకి చూపించడానికి వెళ్ళాడు.

అక్క అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "నాకేం తెలుసురా? అద్దంలో చూసుకున్నా నోరు మూసుకునే చూసుకున్నాను" అని, ఏమరుపాటున నవ్వేసింది.

బల్లకి అవతల కూర్చున్న బావ చెయ్యి చాచాడు. అచ్చు అందుకుని, వెలుతురుకి ఎత్తి, బోర్డు మీద అక్షరాన్ని చూసినట్టు ఒక కన్ను మూసి చూశాడు.

"ఇదెవరు చేశారు?"

"నేనే బావా."

"తప్పు" అన్నాడు బావ. "పెన్సిలుందా?"

కుట్టుమిషను సొరుగులోంచి అక్క పెన్సిలు ముక్క తెచ్చి ఇచ్చింది. చొక్కాల డబ్బా అట్ట ఒకటి ముందు పెట్టింది. కప్పు పట్టుకుంటే వణికే చెయ్యి అది. పెన్సిలు అట్టకి తగిలాక మాత్రం వణకలేదు. పైపెదవి గీశాడు, ఒక పక్క కాస్త ఎత్తుగా. ముందుపన్ను గీశాడు. దాని మీదికి రెండోది, పిచ్చుక చెక్కినట్టు నిటారుగా కాదు, భుజం మీద తల వాల్చినట్టు కొంచెం తిరిగి. ముందుపన్ను అంచులో చిన్న నొక్కు పెట్టి, అక్కడ పెన్సిలు కొనతో తట్టాడు.

"ఇక్కడ దారం కొరుకుతుంది. కత్తెర వాడవే అంటే వింటేనా!"

పిచ్చుక అట్ట మీదికి వంగాడు. అవును, నొక్కు. తనెలా మర్చిపోయాడు? ఎన్నేళ్ళు ఆ దారం పుటుక్కుమన్న చప్పుడు వింటూ నిద్రపోయాడు!

అక్క బావ కుర్చీ పక్కనే నిలబడి ఉంది. నెమ్మదిగా అడిగింది. "ఎలా ఉంటుందండీ మీ ఆవిడ?"

"మీకు తెలీదు లెండి, చూడలేదుగా" అన్నాడు బావ మర్యాదగా. "చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. వేళ్ళ సందుల్లోంచి ఈ పన్ను కనపడీ కనపడనట్టు కనపడేది. అది చూడ్డానికే రోజూ ఏదో ఒక జోకు వేసేవాణ్ణి. సగం జోకులు ఏడ్చినట్టుండేవి. అయినా నవ్వేది, పిచ్చిది."

అక్క వెళ్ళి మిషను ముందు కూర్చుంది. ఆ పన్నుతో ఆయన ఏదో సర్దుకుపోతున్నాడనే ఇన్నేళ్ళూ అనుకుంది మరి. ఆమె ఏడుస్తోందని ముందు కనిపెట్టింది బావే. "చూడవోయ్ కాకీ, ఆవిడకేదో కష్టం వచ్చినట్టుంది" అన్నాడు కంగారుగా.

పిచ్చుక ఆ అట్టని బల్ల మీద ఆనించి పెట్టుకుని కొత్తగా చెక్కాడు. తెలుపు జోలికి పోలేదు. కిందివరస పళ్ళతో కలిసే పసుపు, చిగురు దగ్గర చిక్కగా, కొసకి వచ్చేసరికి పలచగా. వయసుకి పడే సన్నటి గీతని వెంట్రుకంత కుంచెతో లోపలి పూతలో వేసి, దాని మీద మెరుపు పూత కాల్చాడు. నొక్కు దగ్గర డాక్టరమ్మ ఆపింది. అంచుని పదునుగా కోస్తే గాజు అక్కడే చిట్లడం మొదలవుతుందని, గుండ్రంగా మలచమని చెప్పింది. అలాగే మలిచాడు. దొంగ నొక్కే గానీ, చూడ్డానికి దారం కొరికి కొరికి అరిగినట్టే వచ్చింది.

పాత తొడుగులు కోసిన రోజు గది బయటే నిలబడ్డాడు. తన చేత్తో చేసినవాటిలో అంత తీరైనవి లేవు. అవి తెల్లటి పొడై నీళ్ళతో పాటు గొట్టంలోకి పోతున్న చప్పుడు వింటుంటే, విచిత్రం, గుండె బరువు తగ్గింది.

కొత్తవి అతికించే రోజు బావని కూడా తీసుకొచ్చి బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. అక్క గదిలోంచి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. నవ్వలేదు. నవ్వమంటే నవ్వొస్తుందా ఎవరికైనా? పెదాలు బిగించుకుని, పరీక్ష రాయడానికి వచ్చినదానిలా ఒళ్ళో చేతులు కట్టుకుంది. పిచ్చుకా డాక్టరమ్మా తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. బావ ఇదేమీ పట్టించుకోకుండా ఎదురుగా గోడ మీదున్న బోర్డునే చూస్తున్నాడు. 'చెప్పులు బయట విడువవలెను' అని ఉందందులో.

"ఈ 'ళ' ఏది? 'ల' పెట్టాడేంటి వెధవ?" అన్నాడు.

"'చెప్పులు'కి 'ల'యేనండీ" అంది అక్క.

"అవునా? అయితే నా చెప్పులకి కూడా అదేనా? అవి పెద్దవి కదా!"

అది ఏడ్చినట్టున్న జోకే. అక్కకి నవ్వు తన్నుకొచ్చింది, ఆపుకోబోయింది, అలవాటుగా చెయ్యి నోటికి వెళ్ళింది. బావ తల తిప్పాడు. వేళ్ళ వంక అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఏమే! ఎక్కడికి పోయావే ఇన్నాళ్ళూ? మనింట్లో ఎవరో ఆవిడ ఉంటోంది, తెలుసా?"

"వెళ్ళిపోయిందిలెండి" అంది అక్క.

"అయ్యో, చెప్పకుండానే వెళ్ళిపోయిందా? మంచావిడ. టీ బాగా పెట్టేది."

డాక్టరమ్మ లోపలికి వెళ్ళి, అక్కర్లేకపోయినా చేతులు కడుక్కుంది.

అక్కడితో కథ సుఖాంతమని చెప్పలేం. జబ్బు జబ్బే. మరుసటి వారమే ఒక పొద్దున బావ మళ్ళీ 'మీరు' అన్నాడు. ఆ సాయంత్రం 'ఏమే' అన్నాడు. పోనుపోను 'మీరు'లు ఎక్కువయ్యాయి. చివరి ఏడాది ఏ మాటా లేదు. అక్క మాత్రం నవ్వడం మళ్ళీ మానలేదు. "'మీరు' అన్నా నాకిప్పుడు బాధ లేదురా. ఆయన మనసులో ఏముందో నాకు చెప్పేశారుగా, నేనెవరో తెలియకుండానే" అనేది తమ్ముడితో. జోకులు చెప్పే పని ఆమె తీసుకుంది. ఆయన కళ్ళు కొన్నిసార్లు ఆమె నోటి దగ్గర ఆగేవి, కొన్నిసార్లు ఆగేవి కావు. ఒక మధ్యాహ్నం కునుకులోనే బావ వెళ్ళిపోయాడు.

పిచ్చుక ఇప్పటికీ పళ్ళు చేస్తూనే ఉన్నాడు. తెల్లగా, తిన్నగా కావాలన్నవాళ్ళకి అలాగే చేస్తాడు. అది వాళ్ళ ఇష్టం, తప్పేముంది? కాకపోతే ఇదివరకు అచ్చు చూసి పని మొదలెట్టేవాడు, ఇప్పుడు మనిషిని చూడాలంటాడు. డాక్టరమ్మ పంపిస్తే వాళ్ళు ల్యాబుకి వస్తారు. ఎదురుగా కూర్చోబెట్టి, పళ్ళ ఊసెత్తకుండా పిల్లల గురించో, పక్కింటి కుక్క గురించో మాట్లాడిస్తాడు. తోడొచ్చినవాళ్ళని "ఈయన నవ్వితే ఎలా ఉంటుందండీ?" అని అడుగుతాడు. చాలామంది తెల్లమొహం వేస్తారు. కొందరు సిగ్గుపడతారు. ఒక ముసలాయనైతే భార్య గురించి చెప్పడం మొదలెట్టి, ల్యాబు మూసే వేళ దాకా ఆపలేదు.

మొన్నామధ్య అక్క ఫోను చేసి గంభీరంగా, "ఒరే, నీ గాజు చిట్లింది" అంది. పిచ్చుక ఉన్న పని ఉన్నట్టు వదిలేసి పరుగెత్తుకెళ్ళాడు. చూస్తే అంచులో నలుసంత పెచ్చు లేచింది. సాన పడితే పోయేదే.

"దేన్ని కొరికావు? నిజం చెప్పు."

"దేన్నీ కొరకలేదు."

"అక్కా."

"పచ్చి జామకాయ" అంది అక్క, డెబ్బై ఏళ్ళ మనిషి, బడిలో దొరికిపోయిన పిల్లలా. "గట్టిగా ఏం లేదురా. లోపల ఎర్రగా భలే ఉంది. సగం నీకోసం ఉంచాను, తింటావా?"